పుట్టిల్లు రోడ్డుకు అవతల

నా పెళ్ళి కుదిరినప్పుడు మా అమ్మ చుట్టాలందరికీ ఒకటే మాట చెప్పుకుని మురిసిపోయింది. "దూరం పంపించడం లేదమ్మా, రోడ్డు దాటితే మా అమ్మాయి ఇల్లు" అని. నిజమే. మా అత్తగారిల్లు కార్ఖానాలో మెయిన్ రోడ్డుకి ఇటువైపు సందులో. పుట్టిల్లు అటువైపు సందులో. మధ్యలో ఉన్నదల్లా రోడ్డే. చారు పోపులోకి కరివేపాకు లేకపోతే కోడలు పుట్టింటికెళ్ళి నాలుగు రెబ్బలు తుంచుకొచ్చేసరికి పోపు ఇంకా మాడకుండా ఉంటుందని మా మామగారు వేళాకోళం చేసేవారు.

ఆ రోడ్డు పేరు రాజీవ్ రహదారి. సికింద్రాబాద్‌లో బయల్దేరి కరీంనగర్ మీదుగా రామగుండం దాకా పోయే స్టేట్ హైవే, నంబరు 1. అమ్మకి ఆ సంగతి తెలియక కాదు. హైవే అన్నది ఊరు దాటాక మొదలవుతుందనుకుంది, అంతే.

ఇప్పుడు అమ్మ దగ్గరికి వెళ్ళాలంటే నాకు రెండు దార్లు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని డివైడరు ఎక్కి దిగడం ఒకటి. లేదా ఆటో ఎక్కి, సిగ్నల్ దాకా పోయి, యూ టర్న్ తిరిగి రావడం. నాలుగు రెబ్బల కరివేపాకుకి ఆటో ఛార్జీ అన్నమాట! నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, కిందటేడు మా అత్తగారు శనివారం గుడికని బయల్దేరి డివైడరు దిగుతుంటే బైకు తగిలి మణికట్టు విరిగింది. ఆ కుర్రాడే పాపం ఆటోలో ఆసుపత్రికి తీసుకొచ్చి, మేం వెళ్ళేదాకా బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. "వాణ్ణి ఏమీ అనకండే, తప్పు వాడిది కాదు, నేనే అడ్డం వెళ్ళాను" అన్నారావిడ.

ఆ "అడ్డం" అన్న మాట చాలా రోజులు నా చెవిలో ఉండిపోయింది. నలభై ఏళ్ళుగా అదే సందులో ఉంటూ, అదే గుడికి నడిచి వెళ్ళే మనిషి, తన వీధిలో తానే అడ్డం ఎప్పుడైంది?

ఈ రోడ్డు మీదికే ఇంకో రోడ్డు రాబోతోందని మీరూ చదివే ఉంటారు. సికింద్రాబాద్ నుంచి ఉత్తరంగా వెళ్ళే రెండు పెద్ద దారుల మీదా ఎలివేటెడ్ కారిడార్లు కట్టాలన్నది చాలా ఏళ్ళ ఆలోచన. కంటోన్మెంట్ ప్రాంతం కనక రక్షణ శాఖ భూమి ఇస్తే తప్ప కుదరదు. కేంద్రం అందుకు 2024 మార్చి మొదట్లో ఒప్పుకుంది. వెంటనే, అదే మార్చి 7న అల్వాల్‌లో రాజీవ్ రహదారి కారిడార్‌కి, 9న కండ్లకోయలో నాగపూర్ హైవే కారిడార్‌కి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపనలు చేశారు. ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫామ్ దాకా సుమారు 5 కిలోమీటర్లకు 1,580 కోట్లు. శామీర్‌పేట వైపు సుమారు 18 కిలోమీటర్లకు 2,232 కోట్లు. అప్పుడు చెప్పిన అంచనాలివి. కట్టించేది హెచ్ఎండీఏ. 2025 జనవరి 1న ఇవే దారుల్లో మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ మెట్రో కూడా తెస్తామని ముఖ్యమంత్రి ప్రకటించారు.

మా ఇంట్లో ఈ వార్త చదివిన రోజు పండగే. మా వారికి ఉద్యోగం జీనోమ్ వ్యాలీలో. శామీర్‌పేట అవతల. పొద్దున్న ఏడింటికి బయల్దేరితే రాత్రి ఎనిమిదిన్నరకి చేరతారు. వచ్చాక పావుగంట సేపు ఎవరితోనూ మాట్లాడరు. చెవుల్లో హారన్లు తగ్గాలట. "ఈ వంతెన పడితే నేను పిల్లల హోంవర్కు టైముకి ఇంట్లో ఉంటాను, తెలుసా?" అన్నారు.

"మరి నేను అమ్మ దగ్గరికి ఎలా వెళ్ళాలి?" అన్నాను.

"దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

నాకూ ఆ రాత్రి సంబంధం సరిగ్గా చెప్పడం చేతకాలేదు. అందుకే ఈ వ్యాసం అనుకోండి.

మా వారి కష్టం చిన్నదేం కాదని ముందే ఒప్పుకుంటాను. పండగల ముందు ఊరెళ్ళే బస్సులు జేబీఎస్ నుంచి తూంకుంట దాటేసరికి నీరసం వస్తుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న అంబులెన్సు కూత మా వంటింట్లోకి వినిపిస్తుంది. అది దూరమయ్యేదాకా గరిటె కదలదు నాకు. కాబట్టి వంతెనలు దండగ అని తేల్చేయడం నా ఉద్దేశం కాదు. ఆ ట్రాఫిక్ అంతా ఆ రెండు రోడ్ల మీదే ఎందుకు పడుతోందన్నది ముందు చూడాలి కదా.

సికింద్రాబాద్ పుట్టుకలోనే ఉందది. 1806లో సికందర్ జా పేరు మీద ఈ ఊరికి పేరు పెట్టారు. ఇంగ్లీషు వాళ్ళ దండు విడిది చేసిన చోటు కనకనే పాతవాళ్ళు ఇప్పటికీ లష్కర్ అంటారు. లష్కర్ బోనాలనే కదా మనం అనేది! దండు ఒకచోట, దాని అవసరాలకి బజార్లు ఒకచోట. రెజిమెంటల్ బజార్, జనరల్ బజార్, లాల్ బజార్, బొల్లారంలో సదర్ బజార్, ఇలా. ఆ బజార్లన్నీ నడకకి కొలిచి వేసినట్టుంటాయి. జనరల్ బజార్లో చీరకి ఫాల్ కొని, అక్కణ్ణుంచి మోండా మార్కెట్‌కి నడిచి కూరలు తీసుకుని, దారిలో పాట్ మార్కెట్‌లో తాకట్టు వడ్డీ కట్టుకుని ఇంటికి వచ్చేవాళ్ళం అని మా అమ్మ చెబుతుంది. ఒక ఆడమనిషికి ఒక పూటలో తెమిలే పనులు. ఆ రోడ్లకి పేర్లు మారాయి. కింగ్స్‌వే రాష్ట్రపతి రోడ్డయింది, జేమ్స్ స్ట్రీట్ మహాత్మా గాంధీ రోడ్డయింది. నడక మాత్రం మొన్న మొన్నటిదాకా మిగిలింది.

బజార్ల సంగతి ఇలా ఉంటే, దండు సంగతి వేరు. సైన్యం భూములు ఊరి మధ్యలో గోడల వెనక ఉంటాయి. ఒక కాలనీ నుంచి పక్క కాలనీకి నేరుగా పోయే దారులు చాలా వాటిలోంచే పోవాలి. 2014లో ఏఓసీ సెంటర్ దగ్గరి దారులు భద్రత పేరుతో మూసేస్తామన్నప్పుడు మల్కాజిగిరి, సఫిల్‌గూడ వైపు వాళ్ళు ఎంత గొడవ చేశారో గుర్తుండే ఉంటుంది. 2018 మేలో రక్షణ శాఖ దేశం మొత్తం మీద కంటోన్మెంట్లలో మూసిన రోడ్లు తెరవమంది. ఆ తర్వాత కూడా ఈ పేచీ పూర్తిగా తీరలేదు. భద్రత అవసరం కాదని ఎవరంటారు? కానీ ఒక గేటు పడితే ఆ దారిన పోయే స్కూలు రిక్షా, పాల స్కూటరు, ఆఫీసు కారు అన్నీ చుట్టు తిరిగి మెయిన్ రోడ్డెక్కుతాయి. అలా రెండు రోడ్లు ఉబ్బిపోయాయి. ఉబ్బాయి కనక పైన ఇంకోటి కావాలంటున్నాం. మా వారికి నేను ఆ రాత్రి చెప్పలేకపోయిన సంబంధంలో సగం ఇదే. అటూ ఇటూ సందులు కలిసి ఉంటే, సిగ్నల్ దగ్గర ఆయన ముందు నిలబడ్డ బళ్ళలో కొన్నయినా అసలు అక్కడికి వచ్చేవే కావు.

మిగతా సగం తెలియాలంటే ఊరికి ఆ చివరకి వెళ్ళాలి.

మా చిన్న ఆడపడుచు ఉండేది అత్తాపూర్. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే అని 11.6 కిలోమీటర్ల వంతెన ఉంది, 2009 అక్టోబరులో తెరిచారు. ఎయిర్‌పోర్టుకి వెళ్ళేవాళ్ళకి వరమే. మేమూ ఒకసారి దాని మీదుగా వెళ్ళి మా మరిదిని అమెరికా విమానం ఎక్కించి వచ్చాం. రయ్యిమని తీసుకెళ్ళింది, కాదనను. ఆడపడుచు మాత్రం దాని మీదెక్కిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆమెకున్నది స్కూటీ, పైన టూవీలర్లను రానివ్వరు. ఆమె కాపురమంతా దాని కింద. అక్కడ అడ్రసు ఎలా చెబుతారో తెలుసా? "ఫలానా గుడి పక్కన, ఫలానా వారి కొట్టు ఎదురుగా" అని కాదు. పిల్లర్ నంబరు. శుభలేఖల మీద కూడా అదే అచ్చు వేస్తున్నారు. "వదినా, మా ఊరికి స్తంభాలే గుర్తులయ్యాయి. దీపావళికి డాబా ఎక్కితే ఎదురు వీధి దీపాలు కనబడవు, వంతెన కడుపు కనబడుతుంది" అంది ఒకసారి. పక్కింటివాళ్ళంటే ఆమెకు రోడ్డుకు ఈ పక్కవాళ్ళే. ఆ పక్క వాళ్ళెవరో పదిహేనేళ్ళలో తెలియలేదు.

మా మెయిన్ రోడ్డు మీద పరుపుల దుకాణం పక్కన చిన్న గదిలో మాకు జాకెట్లు కుట్టే ఆవిడ ఉంది. రోడ్డు 200 అడుగులకి వెడల్పు చేస్తారంటే స్థలాల యజమానులు సంఘంగా కూడి, అంత అక్కర్లేదు, 100 అడుగులు చాలంటూ ఆందోళన చేశారు. పేపర్లలో వచ్చింది. ఆవిడ స్థలం యజమాని కాదు. అద్దెకున్నది. "ఓనరుకు పైసలొస్తయమ్మా. నా గిరాకీకి ఎవరిస్తరు?" అని అడిగింది. అడిగింది కనక ఇంటికొచ్చి వెదికాను. 2013 నాటి భూసేకరణ చట్టంలో, సేకరణకు ముందు మూడేళ్ళుగా ఆ చోటి మీదే ఆధారపడి బతుకుతున్న కుటుంబాలను, సొంత భూమి లేకపోయినా సరే, బాధిత కుటుంబాలుగానే లెక్కించాలని ఉంది. అద్దె రసీదులూ కరెంటు బిల్లులూ పారేయకుండా దాచుకోమని చెప్పాను. మీ వీధిలోనూ అలాంటి వాళ్ళుంటే చెప్పండి. ఆవిడ దగ్గర రసీదులే లేవన్నది వేరే సంగతి. అద్దె చేతికిచ్చి రావడమే గాని కాగితం అడగడం అలవాటు లేదు పాపం.

ఇక మా అబ్బాయి. తొమ్మిదో తరగతి. వాడు నా గోల విని, "అమ్మా, కొరియాలో హైవేని పీకేసి కాలవ పెట్టారు తెలుసా?" అన్నాడు. ఏదో వీడియోలో చూశాడట. నేను నమ్మలేదు. చదివితే నిజమే.

సియోల్ నగరం నడిబొడ్డున చొంగ్గెచొన్ అని ఒక వాగు ఉండేది. మన మూసీలాగే అందులోకి మురికంతా వదిలి, 1958 నుంచి దాన్ని కాంక్రీటుతో కప్పేస్తూ వచ్చారు. కప్పిన దాని మీద రోడ్డు, రోడ్డు మీద ఎలివేటెడ్ హైవే. ఆ రోజుల్లో అది వాళ్ళకి గొప్ప. అభివృద్ధి అంటే అదే. ముప్ఫై ఏళ్ళు తిరిగేసరికి స్తంభాలు పాడయ్యాయి, మరమ్మతులకే తడిసి మోపెడయ్యేలా ఉంది. కింద బజారంతా పొగచూరింది. 2003లో మేయరు లీ మ్యుంగ్ బాక్ హైవేని కూల్చడం మొదలుపెట్టాడు. రోజుకి లక్షకు పైగా బళ్ళు తిరిగే దారది! ఊరు స్తంభించిపోతుందని గోల గోల అయింది. 2005 అక్టోబరుకల్లా అక్కడ 5.8 కిలోమీటర్ల పొడవున నీళ్ళు పారుతున్నాయి, అంచుల్లో జనం కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. ఊరు స్తంభించలేదు. ఎందుకంటే మధ్యలో 2004లో బస్సుల్ని మొత్తం తిరగవేసి, వాటికి రోడ్డు మధ్యన విడిగా దారులిచ్చారు. కారు తీసేవాళ్ళు కొందరు బస్సెక్కారు, కొందరు వేరే దారి చూసుకున్నారు, కొందరు ఆ ప్రయాణమే మానుకున్నారు.

ఇది మనకి అర్థం కాని విషయమేం కాదు. బీరువా చాలడం లేదని ఇంకో బీరువా కొంటామా, ఆర్నెల్లలో అదీ నిండుతుంది. చీరలు అన్ని అవసరమై కాదు, చోటుంది కనక. రోడ్డూ అంతే.

అయితే సియోల్‌లో అందరూ సుఖపడ్డారని అనుకోకండి. ఆ వంతెన కింద, ఆ రోడ్డు పక్కన తోపుడు బళ్ళ మీద బతికిన వాళ్ళను తీసుకెళ్ళి ఒక పాత స్టేడియంలో పెట్టారు. కొన్నాళ్ళకి అక్కణ్ణుంచీ లేపేశారు. వాగు అందంగా ఉంది. మా మెయిన్ రోడ్డు మీద జామకాయల బండి ఆవిడ ఆ ఊళ్ళో ఉండి ఉంటే ఈపాటికి ఎక్కడుండేదో!

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్ళు సముద్రపు ఒడ్డున రెండంతస్తుల హైవే కట్టుకుని, 1989లో భూకంపానికి అది దెబ్బతింటే మళ్ళీ కట్టుకోకుండా 1991లో తీసేశారు. న్యూయార్క్‌లో మరీ విశేషం. అక్కడ ఊరి మధ్యగా ఒక ఎక్స్‌ప్రెస్‌వే వేయాలని చూస్తే అడ్డం పడ్డవాళ్ళలో ముందు నిలబడ్డది ముగ్గురు పిల్లల తల్లి. జేన్ జేకబ్స్ అని రచయిత్రి. నగరాల మీద 1961లో ఆమె రాసిన పుస్తకం ఇప్పటికీ ఇంజనీర్లు చదువుతారు. 1968లో ఒక బహిరంగ సమావేశంలో అల్లరి చేసిందని అరెస్టు కూడా చేశారు. మరుసటేడు ఆ రోడ్డు ఆలోచనే మానుకున్నారు. ఆమె చెప్పినదాంట్లో నాకు బాగా తెలిసినట్టనిపించిన మాట ఒకటుంది. వీధిని కాపాడేది పోలీసు ఒక్కడే కాదు, కిటికీల్లోంచీ కొట్ల గుమ్మాల్లోంచీ చూసే కళ్ళు అని. మా సందు మొదట్లో పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని ఆరా తీసే పిన్నిగారిని చిన్నప్పుడు ఎంత తిట్టుకున్నానో! ఇప్పుడు మా అమ్మాయి ట్యూషన్ నుంచి ఏడింటికి నడిచి వస్తుంటే, పిన్నిగారు అరుగు మీద ఉన్నారంటే నాకు నిశ్చింత. వంతెన స్తంభాల మధ్య ఎవరు అరుగేసుకుని కూర్చుంటారు?

ఇవన్నీ దొరల దేశాల కబుర్లు అనేవాళ్ళు మా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారు. సరే, మద్రాసు వెళ్దాం. పెళ్ళి చీరలకి టి.నగర్ వెళ్ళని తెలుగు కుటుంబం ఉంటుందా? అక్కడి పాండీ బజారు అసలు పేరు త్యాగరాయ రోడ్డు. పిట్టి త్యాగరాయ చెట్టి గారి పేరు. ఆ పక్కన పార్కేమో పానగల్ రాజా వారిది, మన కాళహస్తి ఆయన. ఇద్దరూ తెలుగువాళ్ళే, సందర్భం వచ్చింది కనక చెప్పుకోవడం. ఆ పాండీ బజారులో ఒకప్పుడు ఒక చేత్తో బ్యాగూ ఒక చేత్తో పిల్లనీ పట్టుకుని కార్ల మధ్య నలిగేవాళ్ళం. 2019 నవంబరులో అక్కడ ఫుట్‌పాత్‌లు బాగా వెడల్పు చేసి, కూర్చోవడానికి బెంచీలు వేసి, బళ్ళ చోటు తగ్గించారు. కిందటేడు మా పెద్దమ్మగారి మనవరాలి పెళ్ళికి వెళ్ళినప్పుడు మా అమ్మ మూడు కొట్లు తిరిగి, మధ్యలో బెంచీ మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, "ఇంకో రెండు చూద్దామే" అంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి! కొట్లవాళ్ళకి నష్టం ఏముంది ఇందులో, మీరే చెప్పండి.

మన ఊళ్ళోనూ ఒక రుచి చూపించారు. 2021 ఆగస్టు చివర నుంచి ఆదివారం సాయంత్రాలు ట్యాంక్ బండ్ మీద బళ్ళు ఆపేసి మనుషులకి వదిలారు. మేమూ వెళ్ళాం. మా అమ్మాయి రోడ్డు మధ్య తెల్ల గీత మీద ఒంటి కాలితో గెంతింది. గీత చివరిదాకా వెళ్ళి వెనక్కి చూసి, "అమ్మా, నువ్వు కేకలేయడం లేదేంటి?" అంది. రోడ్డు మీద ఉన్నంతసేపూ నేను కేకలేస్తూనే ఉంటానని దాని లెక్క.

మళ్ళీ మా రోడ్డుకొద్దాం. 200 అడుగులంటే సుమారు 60 మీటర్లు. మణికట్టు విరిగాక మా అత్తగారి నడక చూశాను, సెకనుకి అర మీటరు. అంటే దాటడానికి 120 సెకన్లు. రెండు నిమిషాలు! ఏ సిగ్నల్ నడిచేవాళ్ళకి రెండు నిమిషాలిస్తుంది? ఫుట్ ఓవర్ బ్రిడ్జి కడతామంటారు. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు అన్ని మెట్లెక్కి దిగుతారా? ప్యారడైజ్ దగ్గరా పరేడ్ గ్రౌండ్ దగ్గరా చూడండి, మెట్రో ఎక్కనివాళ్ళు కూడా స్టేషన్ లిఫ్టులో పైకెళ్ళి అవతల దిగుతారు. లిఫ్టుంటే వాడతారు, లేకపోతే డివైడరే.

బస్సు సంగతి ఇంకా ముఖ్యం. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి బస్సు ప్రయాణం ఉచితం. మా పనమ్మాయి లోతుకుంట నుంచి వస్తుంది. ఆధార్ కార్డు పర్సులో పెట్టుకుని, "నాకేందమ్మా, నా బండి ఫ్రీ" అంటుంది. మరి వంతెన మీద బస్టాపుంటుందా? ఉండదు కదా. స్టాపు స్టాపుకీ ఆగే బస్సు కిందే పోవాలి. పైన కారు పది నిమిషాల్లో పోతుంది, కింద బస్సు స్తంభాల పక్కన మిగిలిన చోట్లో ఎప్పటిలాగే ఈడుస్తుంది. ఆ బస్సులో నిలబడేది ఎక్కువగా ఎవరో వేరే చెప్పాలా? వంతెన మీద వేగం, వంతెన కింద జీవితం అని పంచేస్తే, కింద వాటా ఆడవాళ్ళదీ ముసలివాళ్ళదీ స్కూలు పిల్లలదీ. పైదానికి కోట్ల లెక్క వినబడింది. కింద ఎన్ని చోట్ల దాటొచ్చు, ఫుట్‌పాత్ ఎంత, నీడకి చెట్లెక్కడ, బస్టాపెక్కడ అన్నది వినబడలేదు.

అడిగే హక్కు లేదా అంటే ఉంది. నడిచేవాళ్ళకి ఫుట్‌పాత్ ఉండటం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. ఫుట్‌పాత్ మీద నడవడానికి అడ్డంకి లేని చోటు కనీసం 1.8 మీటర్లు, అంటే ఆరడుగులు, ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళ పుస్తకంలోనే ఉంది. మా రోడ్డు మీద టేపు పట్టుకుని వెళ్ళాను. ట్రాన్స్‌ఫార్మర్, చెప్పుల కొట్టువాడి బోర్డు, ఎవరిదో బుల్లెట్ బండి పోగా ఒకచోట నాకు మిగిలింది పద్దెనిమిది అంగుళాలు. చీర కుచ్చిళ్ళు పట్టుకుని పక్కకి తిరిగి నడిచే చోటు.

ఇదంతా మా వారికి చెప్పాను. ఈసారి వరసగా, ఆయన చెవుల్లో హారన్లు తగ్గాకే. చాలాసేపు విని, "అయితే వంతెన వద్దంటావా?" అన్నారు.

"సియోల్ వాళ్ళలా ముప్ఫై ఏళ్ళ తర్వాత పీకేసే ఖర్చు కూడా ఇప్పుడే లెక్కలో వేసి, అప్పుడు కూడా కావాలంటే కట్టమనండి. నన్నడిగితే ముందు సందులు కలపమంటాను, బస్సుకి దారివ్వమంటాను, మెట్రో తెమ్మంటాను. అవన్నీ అయ్యాక వంతెన ఎంత కావాలో చూడమంటాను. ఏది కట్టినా కింద రోడ్డు కూడా అదే కాగితంలో, అదే డబ్బులో రాయమంటాను. తర్వాత చేస్తామంటే ఒప్పుకోను. మీ అత్తాపూర్ చెల్లెల్ని అడగండి, తర్వాత అంటే ఏమిటో చెబుతుంది" అన్నాను.

"నువ్వు నా టైము లెక్కలో వేయలేదు" అన్నారాయన. కోపంగా కాదు. నిజంగానే అన్నారు. వేశానో లేదో నాకూ తెలియలేదు. పిల్లల హోంవర్కు టైముకి ఆయన ఇంట్లో ఉండాలని నాకు మాత్రం లేదా?

పోయిన ఆదివారం మా సందులో ఆడవాళ్ళం ఏడుగురం కూర్చుని కంటోన్మెంట్ బోర్డుకీ హెచ్ఎండీఏకీ ఒక ఉత్తరం రాశాం. కథలు రాస్తాను కదా అని రాసే పని నాకే అప్పజెప్పారు. కింద రోడ్డు మ్యాపు మాకు చూపించమని, లిఫ్టున్న దాటే చోట్లు ఎక్కడెక్కడో మమ్మల్నడిగి పెట్టమని, జామకాయల బండికీ జాకెట్ల గదికీ చోటు చూపించమని. అరుగు మీది పిన్నిగారు మొదటి సంతకం చేశారు. మా అత్తగారు విరిగిన చేత్తోనే, వంకరటింకరగా, మొత్తం పేరు రాశారు.

చివర్లో పనమ్మాయి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఏం రాశామో చదివించుకుంది. అంతా విని, "బస్సు దిగినాక నేను ఏ పక్కకుంటనమ్మా? గీ పక్కనా, గా పక్కనా?" అని అడిగింది. మేం ఏడుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఉత్తరం మళ్ళీ విప్పి, సంతకాల పైన మిగిలిన చోట్లో ఆ ప్రశ్న కూడా రాశాను.